ఆల్విన్ క్లార్క్ (ఓడ)

'ఆల్విన్ క్లార్క్' ఉత్తర అమెరికాలోని మహా సరస్సులపై 19వ శతాబ్దం మధ్యకాలంలో సరుకులు మోసిన ఒక చెక్క తెరచాప ఓడ. ఇది 1847 ప్రాంతంలో జలప్రవేశం చేసి, 1864 జూన్ 29న మిషిగన్ సరస్సులోని గ్రీన్ బే అనే పాయలో ఈదురుగాలికి బోల్తాపడి మునిగిపోయినది. 1967లో దీని ఉనికి బయటపడగా, 1969లో దాదాపు చెక్కుచెదరకుండా నీటి పైకి తీసారు. ఆనాటికి ఇంత సంపూర్ణంగా మిగిలిన పాత వర్తక ఓడ మహా సరస్సులలో మరొకటి లేదని చరిత్రకారులు భావించారు. కాని బయటికి వచ్చిన తరువాత ఓడను భద్రపరచే ఏర్పాటు జరగలేదు. కలప క్రమంగా శిథిలమై, 1994లో మిగిలిన భాగాన్ని యంత్రాలతో కూల్చి తొలగించవలసి వచ్చినది.

ఈ ఓడ నీటిపై తిరిగినది సుమారు 17 సంవత్సరాలు. నీటి అడుగున ఉన్నది 105 సంవత్సరాలు. ఎండలో, గాలిలో నిలిచినది 25 సంవత్సరాలు మాత్రమే. మునిగిన నౌకలను పైకి తీయాలా, ఉన్నచోటనే ఉంచాలా అనే చర్చ వచ్చినప్పుడల్లా పురావస్తు శాస్త్రజ్ఞులు ఈ ఓడను ఉదహరిస్తుంటారు.

నేపథ్యం

సుపీరియర్, మిషిగన్, హ్యురాన్, ఈరీ, ఒంటారియో అనే ఐదింటిని కలిపి మహా సరస్సులు అంటారు. పేరుకు సరస్సులే గాని వీటిని మన చెరువులతోనో, కొల్లేటితోనో పోల్చుకొనరాదు. మిషిగన్ సరస్సు వైశాల్యమే సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు. నడిమధ్యన నిలిచినవారికి ఏ వైపునా ఒడ్డు కనిపించదు. నీరు మాత్రం మంచినీరు. ఈ ఒక్క విషయం ఈ ఓడ కథకు ఎంత ముఖ్యమో ముందుముందు తెలుస్తుంది.

రైలు మార్గాలు విస్తరించక ముందు ఈ ప్రాంతంలో గోధుమలు, ఉప్పు, కలప, చేపలు, ఇనుప ఖనిజం వంటివన్నీ సరస్సుల మీదనే సాగేవి. ఆవిరి ఓడలు అప్పటికే ఉన్నప్పటికీ, గాలికి ఖరీదు లేదు కనుక బరువైన చౌక సరుకులకు తెరచాప ఓడలనే వాడేవారు. 1860ల చివరి నాటికి ఈ సరస్సులపై పద్దెనిమిది వందలకు పైగా తెరచాప ఓడలుండేవి. వీటిలో ఎక్కువ భాగం స్కూనర్ తరగతికి చెందినవి. రెండు లేక మూడు స్తంభాలు కలిగి, ఓడ నిడివి వెంట అమర్చిన తెరచాపలతో నడిచే ఓడను స్కూనర్ అంటారు. ఇటువంటి తెరచాపలను డెక్కు మీద నుండే తిప్పవచ్చును కనుక నలుగురైదుగురు మనుషులతోనే ఓడ నడిచేది. సముద్రాలపై తిరిగే పెద్ద ఓడలకు అంతకు ఎన్నో రెట్లు మంది కావలసి వచ్చేది.

నిర్మాణం

ఆల్విన్ క్లార్క్ మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నది ఒడ్డున, నేడు ట్రెంటన్ అని పిలిచే ఊరిలో తయారైనది. అదే 1847లో ఇక్కడ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైనదని గుర్తుచేసుకొంటే కాలం తేలికగా గుర్తుంటుంది. ఓడ పొడవు సుమారు 105 అడుగులు (32 మీటర్లు), వెడల్పు సుమారు 25 అడుగులు, సరుకుల కొట్టు లోతు సుమారు 9 అడుగులు. రెండు స్తంభాలు కలది. ముందు స్తంభం పైభాగాన అడ్డంగా కట్టే చతురస్రపు తెరచాపలు కూడా ఉండేవి.

ఆ రోజులలో సరస్సు ఓడల కొలతలను నిర్ణయించినది గాలి కంటె కాలువ అని చెప్పవచ్చు. ఈరీ, ఒంటారియో సరస్సుల మధ్య నయాగరా జలపాతం అడ్డుగా ఉన్నది. దానిని తప్పించుకొనడానికి తవ్విన వెల్లండ్ కాలువలో ఓడలు లాకుల గుండా దిగవలసి ఉండేది. 1840లలో తిరిగి కట్టిన లాకులు 150 అడుగుల పొడవు, 26న్నర అడుగుల వెడల్పు, 9 అడుగుల నీటి లోతు కలవి. గోదావరి, కృష్ణా డెల్టా కాలువలపై లాకులను చూచినవారికి ఈ ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది: లాకు గోడల మధ్య పట్టని పడవ ఎంత గొప్పదైనా ఆ దారికి పనికిరాదు. అందువలన సరస్సు ఓడలను పక్కలు నిటారుగా, అడుగు బల్లపరుపుగా, ఒక పొడవాటి పెట్టె ఆకారంలో కట్టేవారు. అడుగు చదునుగా ఉన్న ఓడ పక్కగాలికి జారిపోతుంది కనుక నడుమ ఒక చీలిక ఉంచి, అందులో నుండి అవసరమైనప్పుడు నీటిలోకి దించే పలకను అమర్చడం ఈ ప్రాంతపు ఓడలలో సాధారణమైనది. లోతు తక్కువ రేవులలో ఆ పలకను పైకి లాగుకొనేవారు.

ఇంకొక ముఖ్య విషయం. ఆనాటి ఓడ వడ్రంగులు కాగితంపై పటాలు గీసి కట్టేవారు కారు. ఓడలో సగభాగం ఆకారాన్ని చిన్న కర్ర నమూనాగా చెక్కి, దాని కొలతలను పెంచుకొని పనిచేసేవారు. అంటే ఒక ఓడను ఎలా కట్టారో తెలుసుకొనడానికి చాలాసార్లు ఆ ఓడ తప్ప వేరే ఆధారం ఉండదు. ఆల్విన్ క్లార్క్ దొరికినప్పుడు చరిత్రకారులు అంతగా ఉత్సాహపడటానికి ఇదొక కారణం.

మునక

పదిహేడేండ్ల పాటు ఓడ సరస్సుల రేవుల మధ్య సాధారణ సరుకు ఓడగానే తిరిగినది. ఏ యుద్ధంలోనూ పాల్గొనలేదు, ఏ ప్రముఖుడూ ఇందులో ప్రయాణించలేదు. అటువంటి వందల ఓడలలో ఇదొకటి, అంతే.

1864 జూన్ 29న ఓడ ఖాళీగా, కలప ఎక్కించుకొనడానికి గ్రీన్ బే ఒడ్డునున్న ఒకాంటో వైపు పోతున్నది. బరువు లేని ఓడ నీటిపై ఎత్తుగా తేలుతూ, గాలికి సులభంగా ఒరుగుతుంది. సరుకుల కొట్టును శుభ్రం చేస్తుండటం వలన దాని మూతలు తెరచి ఉన్నాయి. ఛేంబర్స్ దీవి సమీపంలో హఠాత్తుగా ఈదురుగాలి విరుచుకుపడగా ఓడ పక్కకు ఒరిగినది. తెరచిన మూతల గుండా నీరు లోనికి చొరబడి కొద్దిసేపటిలోనే మునిగినది. ఓడలో ఉన్న ఐదుగురిలో కప్తానుతో సహా ముగ్గురు మరణించారు. ఇద్దరిని ఆ దారినే పోతున్న మరొక ఓడ కాపాడినది. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తున్న రోజులవి. ఒక ఖాళీ సరుకు ఓడ మునక అప్పట్లో పెద్ద వార్త కాలేదు.

నీటి అడుగున

ఓడ సుమారు 110 అడుగుల లోతున అడుగు కిందికి, స్తంభాలు పైకి ఉండేలా నిటారుగా కూర్చున్నది. ఆ లోతున నీరు ఏడాది పొడవునా చల్లగా ఉంటుంది, వెలుతురు చాలా తక్కువ. ఒండ్రు మట్టి క్రమంగా ఓడ లోపలి భాగాన్ని నింపివేసినది. మట్టి నిండిన చోట ప్రాణవాయువు అందదు కనుక కలపను కుళ్ళబెట్టే శిలీంధ్రాలు అక్కడ బ్రతుకలేవు.

సముద్రంలో అయితే కథ వేరుగా ఉండేది. ఉప్పునీటిలో టెరిడో అనే జీవి ఉంటుంది. దీనిని వాడుకలో ఓడపురుగు అంటారు గాని నిజానికి ఇది పురుగు కాదు, ఆలుచిప్పల జాతికి చెందినది. కర్రను తొలిచి, అందులోనే నివసిస్తూ, కొద్ది సంవత్సరాలలోనే పెద్ద దూలాలను సైతం జల్లెడగా మార్చివేస్తుంది. మంచినీటి సరస్సులలో ఈ జీవి లేదు. ఉప్పు తక్కువగా ఉండే బాల్టిక్ సముద్రంలో కూడా ఇది మనలేదు కనుకనే అక్కడి పాత ఓడలు శతాబ్దాల పాటు నిలిచాయి.

ఆవిష్కరణ, వెలికితీత

1967 నవంబరులో గ్రీన్ బేలో ఒక జాలరి వలలు నీటి అడుగున దేనికో చిక్కుకొన్నాయి. వాటిని విడిపించడానికి దిగిన ఫ్రాంక్ హాఫ్‌మన్ అనే గజఈతగాడికి చీకటి నీటిలో ఒక ఓడ స్తంభం, దాని కింద పూర్తి ఓడ తగిలాయి. పేరు తెలియకపోవడం వలన మొదట దీనిని 'మిస్టరీ షిప్', అనగా రహస్యపు ఓడ, అని పిలిచారు. పాత వార్తాపత్రికలను, ఓడల రిజిస్టర్లను గాలించిన తరువాత ఇది 1864లో మునిగిన ఆల్విన్ క్లార్క్ అని తేలినది.

హాఫ్‌మన్, ఆయనతో చేరిన స్వచ్ఛంద ఈతగాళ్ళు 1968, 1969 సంవత్సరాలలో వందల సార్లు నీటిలోకి దిగి పనిచేసారు. ముందుగా ఓడలో నిండిన ఒండ్రును పంపులతో తోడారు. స్తంభాలను ఊడదీసి విడిగా పైకి చేర్చారు. తరువాత నీటి ధారలతో ఓడ అడుగున సొరంగాలు తొలిచి, వాటి గుండా ఉక్కు తాళ్ళు దూర్చి, పైన పంటు వంటి ఒక బార్జికి కట్టారు. వేసవి ఎండిపోక ముందే ముగించవలసిన పని ఇది. ఆ సరస్సులపై శరత్కాలపు తుఫానులు ప్రసిద్ధి. ఓడను బార్జి కింద వేలాడదీసి, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మారినెట్ రేవుకు లాగుకొనివచ్చి, 1969 వేసవిలో జనసమూహం చూస్తుండగా నీటి పైకి ఎత్తారు. నీరంతా తోడివేయగా, నూట ఐదేండ్ల క్రితం మునిగిన ఆ ఓడ ఏ ఆధారమూ లేకుండా తనంతట తాను తేలినది.

లోపల నావికుల పాత్రలు, పనిముట్లు, దీపాలు, వ్యక్తిగత వస్తువులు దొరికాయి. ఒక జాడీలోని చీజ్ అప్పటికీ తినదగిన స్థితిలోనే ఉన్నదని చెప్తారు. ముగ్గురు మనుషులు అర్ధాంతరంగా వదిలిపోయిన పని దినం ఒకటి ఒండ్రులో అట్లే నిలిచి ఉన్నదన్నమాట.

తడి కలప ఎందుకు పాడవుతుంది

ఓడ గట్టిగా కనిపించినప్పటికీ దాని కలప మారిపోయి ఉన్నది. కలప అనేది సన్నని గొట్టాల వంటి కణాల కూర్పు. కణాల గోడలకు బలాన్నిచ్చేది ప్రధానంగా సెల్యులోజ్ అనే పదార్థం. చాలాకాలం నీటిలో ఉన్న కర్రలో కొన్ని రకాల సూక్ష్మజీవులు ఈ సెల్యులోజ్‌ను అతి నెమ్మదిగా తినివేస్తాయి. ఖాళీ అయిన చోటులోకి నీరు చేరుతుంది. పైకి ఆకారం మారదు. కర్రను నిలబెడుతున్నది మాత్రం సగం నీరే.

ఇటువంటి కర్రను గాలికి వదిలితే లోపలి నీరు ఆవిరై పోతూ, తలతన్యత వలన పలచబడిన కణాల గోడలను లోపలికి లాగివేస్తుంది. కణాలు ముడుచుకొనిపోతాయి. కర్ర కుంచించుకొని, మెలి తిరిగి, నిలువునా పగులుతుంది. పచ్చి కలపను ఎండలో పడవేస్తే పగుళ్ళిస్తుందని మన వడ్రంగులందరికీ తెలిసినదే. ఇక్కడ జరిగేది అదే గాని అంతకంటె చాలా తీవ్రమైనది. ఒకసారి ముడుచుకొన్న కణాన్ని తిరిగి నీటిలో నానబెట్టినా పూర్వపు ఆకారం రాదు. దీనికి తోడు గాలి తగలగానే శిలీంధ్రాలు ప్రవేశిస్తాయి, ఇనుప మేకులు తుప్పు పట్టి చుట్టూ ఉన్న కర్రను తింటాయి. చలి దేశాలలో చలికాలంలో కర్రలోని నీరు గడ్డకట్టి వ్యాకోచించడం మరొక దెబ్బ.

దీనికి అప్పటికే ఒక విరుగుడు తెలుసు. 1628లో స్టాక్‌హోమ్ రేవులో మునిగిన 'వాసా' అనే యుద్ధనౌకను స్వీడన్ 1961లో పైకి తీసినది. ఆ వెంటనే దానిపై ఒక కట్టడం నిర్మించి, పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం వంటి పదార్థాన్ని నీటిలో కలిపి 1962 నుండి 1979 వరకు, అంటే 17 సంవత్సరాలు, ఓడపై చల్లుతూ వచ్చారు. కణాలలోని నీటి స్థానాన్ని ఆ పదార్థం ఆక్రమించి గోడలు కూలకుండా ఆపుతుంది. తరువాత చాలా నెమ్మదిగా ఆరబెట్టారు. 1990లో శాశ్వత ప్రదర్శనశాల తెరచారు. 1545లో మునిగి 1982లో పైకి వచ్చిన ఇంగ్లాండు నౌక 'మేరీ రోజ్'పై ఇటువంటి చల్లింపు 2013 వరకు సాగినది. ఆల్విన్ క్లార్క్ సరుకు మోస్తూ తిరిగిన కాలమంత కాలం వాసా కేవలం మందు నీటిలో తడుస్తూనే ఉన్నదని గమనించాలి. ఆ ఖర్చును భరించినది ఒక దేశ ప్రభుత్వం.

ఒడ్డు మీద పాతికేండ్లు

ఆల్విన్ క్లార్క్‌కు అటువంటి అండ లేదు. ఓడను మారినెట్‌కు ఎదురుగా, నదికి ఆవలి ఒడ్డున మిషిగన్ రాష్ట్రంలో ఉన్న మెనామినీ పట్టణానికి తరలించి, 'మిస్టరీ షిప్' పేరుతోనే టిక్కెట్టు పెట్టి ప్రదర్శించారు. స్తంభాలను తిరిగి నిలబెట్టారు. యాత్రికులు వచ్చారు, డెక్కు మీద నడిచారు. టిక్కెట్ల డబ్బు ఓడను పైకి తీయడానికి చేసిన అప్పులకే చాలలేదు. కప్పు లేదు, రసాయన చికిత్సకు తగిన నిధి లేదు. సహాయం కొరకు చేసిన ప్రయత్నాలు ఫలించలేదు.

1974లో ఈ ఓడను అమెరికా జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టరులో చేర్చారు. రిజిస్టరులో పేరు ఎక్కడం గౌరవమే, కాని దానితో పాటు సంరక్షణకు డబ్బు రాదు. ఒక వస్తువు జాతికి ముఖ్యమైనదని ప్రకటించిన తరువాత కూడా దానిని నిలబెట్టే భారం దొరకబుచ్చుకొన్న మనిషి మీదనే ఉండిపోవడం ఈ ఉదంతంలో కొట్టవచ్చినట్లు కనిపించే లోపం. హాఫ్‌మన్‌ను తప్పుపట్టినవారు ఉన్నారు. అయితే ఆయన దొంగచాటుగా వస్తువులు తెచ్చి అమ్ముకొన్న మనిషి కాడు. ఓడను పూర్తిగా పైకి తెచ్చి అందరికీ చూపించాలన్న కోరికతో తన సంపాదనను, ఆరోగ్యాన్ని వెచ్చించాడు. పైకి తీయడమే కష్టమైన పని అని, నిలబెట్టడం దానంతట అదే జరుగుతుందని ఆ కాలంలో ఆయనే కాదు, చాలామంది భావించారు.

కలప ఏటేటా పగులుతూ, పలకలు ఊడుతూ వచ్చినవి. 1987లో ఓడ చేతులు మారినది. అప్పటికే పరిస్థితి చేయి దాటిపోయినది. చివరకు 1994లో శిథిలాలను కూల్చివేసారు.

ఇతర ఓడలతో పోలిక

పైకి తీసిన ప్రతి సరస్సు ఓడా ఇలాగే నశించినదని చెప్పలేము. 1776 అక్టోబరులో షాంప్లేన్ సరస్సులో బ్రిటిషు వారితో జరిగిన పోరులో మునిగిన 'ఫిలడెల్ఫియా' అనే 54 అడుగుల ఫిరంగి పడవను 1935లో పైకి తీసారు. దానిని ముంచిన ఫిరంగి గుండు అప్పటికీ చెక్కలోనే ఇరుక్కొని ఉన్నది. ఇది కూడా ఏండ్ల తరబడి ప్రైవేటు ప్రదర్శనలలోనే గడిపి, 1961లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు చేరినది. నేడు అక్కడి జాతీయ అమెరికా చరిత్ర ప్రదర్శనశాలలో చూడవచ్చును. ఆల్విన్ క్లార్క్ కంటె చాలా చిన్నది కావడం, సకాలంలో ఒక పెద్ద సంస్థ కప్పు కిందికి చేరడం దీనికి కలిసివచ్చిన అంశాలు.

ఇంకొక దారి అసలు తీయకపోవడం. 1813 ఆగస్టులో ఒంటారియో సరస్సులో, ఇటువంటి ఈదురుగాలికే, 'హామిల్టన్', 'స్కర్జ్' అనే రెండు స్కూనర్లు బోల్తాపడి మునిగినవి. 1973లో సుమారు 90 మీటర్ల లోతున ఇవి దాదాపు పూర్తి ఆకారంలో కనిపించాయి. పైకి తేవాలని కొంతకాలం ఆలోచించినా, ఇప్పటి వరకు వాటిని అక్కడే ఉంచారు.

తరువాతి పరిణామాలు

మునిగి వదిలివేయబడిన ఓడలు ఎవరివి అనే ప్రశ్నకు 1969 నాటికి అమెరికాలో స్పష్టమైన సమాధానం లేదు. కనుగొన్నవాడే తీసుకొనవచ్చునన్న భావన ఉండేది. 1987 నాటి పరిత్యక్త నౌకల చట్టం 1988లో ఆమోదం పొందినది. దీని ప్రకారం రాష్ట్రాల జలాలలో నేలలో పూడుకొని ఉన్న, లేదా చారిత్రక రిజిస్టరుకు అర్హమైన అటువంటి నౌకలపై హక్కు ఆయా రాష్ట్రాలదే. హ్యురాన్ సరస్సులోని థండర్ బే ప్రాంతం 2000లోను, మిషిగన్ సరస్సు విస్కాన్సిన్ తీరంలో కొంత భాగం 2021లోను మునిగిన ఓడల కొరకు జాతీయ జల అభయారణ్యాలయ్యాయి. అక్కడ ఈతగాళ్ళు ఓడలను చూడవచ్చును, ఫొటోలు తీసుకొనవచ్చును, ఏదీ తీసుకొని రాకూడదు.

అయితే నీటి అడుగున వదిలివేస్తే శాశ్వతంగా భద్రమనే నమ్మకం కూడా ఇప్పుడు సడలినది. 1980ల చివర విదేశీ ఓడల నీటితో పాటు జీబ్రా, క్వాగా అనే చిన్న ఆలుచిప్పలు మహా సరస్సులలోకి ప్రవేశించాయి. ఇవి గట్టి వస్తువు ఏది కనిపించినా దట్టంగా అంటుకొని పొరలు పొరలుగా పెరుగుతాయి. వాటి బరువుకు పాత పలకలు విరుగుతున్నాయి, ఇనుము త్వరగా తుప్పు పడుతున్నది. క్వాగా జాతి చల్లని లోతు నీటిలో కూడా బ్రతుకగలదు. హామిల్టన్, స్కర్జ్ ఓడలపై కూడా ఇవి పరుచుకొన్నాయి. ఆల్విన్ క్లార్క్‌ను కదపకుండా ఉంచి ఉంటే దానికీ ఈ చిప్పల బెడద తప్పేది కాదు. అయినా 1994లో మాయమయ్యేది కాదనడంలో సందేహం లేదు.

ఓడ ఇంకా నిలిచి ఉన్న రోజులలో దాని కొలతలు తీసి పటాలు గీసారు. 1840ల నాటి సరస్సు ఓడ పక్కటెముకలను ఎంత దూరాన అమర్చేవారు, అడుగు ఎలా మలిచేవారు, స్తంభాన్ని ఎక్కడ నిలిపేవారు అన్న వివరాలు వాటి వలననే తెలుస్తున్నవి.